రష్యా చూడని రష్యా మావ

పోయిన నెల మా మేనల్లుడు నన్ను భోగాపురం దగ్గర ఒక బీచ్ రిసార్టుకి తీసుకెళ్లాడు. సముద్రానికి యాభై గజాల దూరంలో నీలంరంగు టైల్స్ వేసి ఈతకొలను కట్టారు. జనమంతా ఆ కొలనులోనే ఉన్నారు. సముద్రం అటుపక్క ఎవరూ పలకరించని చుట్టంలా తనలో తాను గొణుక్కుంటోంది. మా గది తలుపు వెనక ఒక కాగితం అతికించి ఉంది. ఫలహారం ఎన్నింటికి, స్నానం ఎన్నింటికి, వ్యాయామం ఎన్నింటికి అని వరసగా రాశారు. అది చదివి పగలబడి నవ్వాను.

మేనల్లుడు కంగారుపడ్డాడు. "ఏమైంది మావయ్యా?"

"రష్యా మావ గుర్తొచ్చాడు."

"ఆయనెవరు?"

"ఎన్నడూ రష్యా చూడని మనిషి" అన్నాను. వాడు నా బీపీ మాత్రల కోసం సంచి వెతకడం మొదలుపెట్టాడు.

రష్యా మావ పోయి ముప్పై ఏళ్లు దాటింది. పోయినప్పుడు పత్రికలో రెండు వాక్యాలు వేశారు, అందులో ఒకటి తప్పు. ఆయన సంగతి నేను రాయాలి. ఎందుకంటే ఒకప్పుడు ఆయన పేరు మీద అబద్ధాలు రాసింది నేనే.

అరవైల చివర నాకు పాతికేళ్లు. విజయనగరానికి నాలుగైదు మైళ్ల దూరంలో, ఒక జూట్ మిల్లు చుట్టూ అల్లుకున్న ఊళ్లో బడిపంతులు పని. పగలు పిల్లలకి ఎక్కాలు, సాయంత్రం మిల్లు యూనియన్‌కి కరపత్రాలు. నా కరపత్రాల్లో సూర్యుడు ఎప్పుడూ ఎర్రగా ఉదయించేవాడు. మధ్యాహ్నం అయినట్టు గుర్తులేదు.

రష్యా మావ ఆ మిల్లులో మగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. నలభై అయిదేళ్ల మనిషి, పొట్టి, నలుపు. ఇరవయ్యేళ్లకి పైగా ఆ మోతలో నిలబడి ముప్పాతిక వంతు చెవులు పోగొట్టుకున్నాడు. కాబట్టి ఏం మాట్లాడినా అరుపే. రహస్యమైతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అరిచేవాడు. ఒకసారి సమ్మె మొదలయ్యే రోజు ఎవరికీ చెప్పొద్దంటూ నా చెవిలో చెప్పాడు. మర్నాడు మేనేజరుగారు అదే తేదీ వేసి నోటీసు అంటించారు. మాట మొదలుపెట్టే ముందు నార దుమ్ము దులపడానికి మీసం మీద రెండుసార్లు చెయ్యి రాసుకునేవాడు. ఆదివారం తలంటుకుని కూర్చున్నప్పుడు కూడా దులిపేవాడు.

మగ్గాల దగ్గర ఎవరికీ ఎవరి మాటా వినపడదు. అందుకని మిల్లువాళ్లందరికీ పెదాల భాష వచ్చు. ఆయన భార్య అదే మిల్లులో గోనెసంచులు కుట్టేది. ఊళ్లో అందరికీ ఆవిడ అప్ప, అంటే అక్క. మొగుడూ పెళ్లాలిద్దరూ వీధికి ఆ చివరొకరు, ఈ చివరొకరు నిలబడి, చప్పుడనేది లేకుండా కాపురం చేసుకునేవారు. కూరేమిటి, పిల్లదానికి జ్వరం తగ్గిందా, పంతులు మళ్లీ వస్తున్నాడు, లోపలికి పో... అన్నీ పెదాల మీదే. ఊరందరితోనూ అరిచే మనిషి ఆవిడ దగ్గర మాత్రం నోరు కదిపి ఊరుకునేవాడు.

అప్పటికి యూనియన్‌లో రెండు వర్గాలు. వాటి మధ్య తేడా ఏమిటో నాకు రెండుసార్లు వివరంగా చెప్పారు. రెండుసార్లూ రాసుకున్నాను. ఇప్పటికీ తెలియదు. సరిగ్గా ఆ సమయంలో బల్గేరియా నుంచి ఒక ఆహ్వానం వచ్చింది. నల్ల సముద్రం ఒడ్డున కార్మికుల విశ్రాంతి గృహం ఉందట. ఒక కార్మికుణ్ణి పంపితే మూడు వారాలు ఉంచుకుని పంపిస్తారట. రెండు వర్గాలూ తమ తమ నాయకుల పేర్లు చెప్పాయి. మూడో సమావేశంలో కుర్చీలు గాల్లోకి లేచాయి. ఆ గొడవలో కిటికీ పక్కన ఒకే ఒక్క మనిషి నిమ్మళంగా బీడీ కాలుస్తున్నాడు. ఆయనకి ఏమీ వినపడలేదు. ఆయన ఏ వర్గమో ఎవరికీ తెలియదు, ఆయనతో సహా. అలా బల్గేరియా వెళ్లాల్సిన మనిషి దొరికాడు.

వెళ్లేటప్పుడు మాస్కోలో విమానం మారడానికి నాలుగు గంటలు ఒక బల్ల మీద కూర్చున్నాడు. ఆయన చూసిన రష్యా అంతే. అయినా తిరిగి వచ్చేసరికి విజయనగరం స్టేషన్లో "రష్యా మావకీ జై" అన్నారు. "రష్యా కాదర్రా, బల్గేరియా" అని నెల్లాళ్లు అరిచాడు. తరవాత విసుగొచ్చి మానేశాడు.

ఆయన అనుభవాలు రాసి, సభలో చదివి, పుస్తకంగా వెయ్యాలని యూనియన్ కార్యదర్శిగారు నాకు పని అప్పగించారు. కార్యదర్శిగారు విజయనగరంలో ప్లీడరు. ఇస్త్రీ తెల్లబట్టలు, అద్దంలాంటి బూట్లు. మూడు ఆదివారాలు నేను రష్యా మావ ఇంటి అరుగు మీద కూర్చుని రాసుకున్నాను. ఆయన నాకు చెప్పాడు, వీధి వీధంతా విన్నది.

"నల్ల సముద్రం అన్నారు గానీ పంతులుబాబూ, నల్లగా నేదు. మన సముద్రం నాగే ఉన్నాది. ఆ పేరు ఎవులెట్టినారో!"

"అక్కడ ఏం చేశారు మావా?"

"తొంగున్నాం."

"అది కాదు, కార్యక్రమం?"

"అదే కార్యక్రమం. పొద్దున్న గంట కొడతారు. లెగాల. సేతులూ కాళ్ళూ ఊపాల. తినాల. ఎండలో తొంగోవాల. మళ్ళీ గంట. మళ్ళీ తినాల. నర్సమ్మ తూకం ఎట్టి బరువు సూస్తాది. నాను బరువు తగ్గినానని ఆయమ్మకి కోపమొచ్చి రెండు గిన్నెల పెరుగు తాగించినాది. పెరుగు మాత్రం మా గొప్ప పెరుగు బాబూ! గానీ మిరపకాయి ఉన్నాది సూడు, ఇంత పొడుగు, ఎర్రగా నిగనిగలాడతన్నాది. కొరికితే కారం నేదు. అదేటి మిరపకాయి? మోసం గాదేటి?"

నేను రాసుకున్నాను: 'పౌష్టికాహారం.'

"మనం ఎండొస్తే నీడలోకి పారిపోతాం గదా. ఆళ్ళు నీడలోంచి ఎండలోకి పారిపోతారు. మిల్లు ఆడోళ్ళు, గనుల్లో మగోళ్ళు, ఈ రంగు కోసరం మూడు వారాలు ఒళ్ళు కాల్సుకుంతారు. రోజూ సాయంత్రం నా సేతి పక్కన సెయ్యెట్టి ఎంత వొచ్చినాదో సూసుకునేవోళ్ళు. నా అంత ఎవులికీ రానేదు. ఈ రంగు సూసే మా అత్త పిల్లనివ్వనన్నాది బాబూ!"

లోపల్నుంచి అప్ప నవ్వు వినిపించింది, నాకు మాత్రమే.

ఆ దేశంలో అవుననడానికి తల అడ్డంగా ఆడిస్తారట, కాదనడానికి కిందికీ పైకీ ఊపుతారట. కూడా వెళ్లిన ఢిల్లీ ప్రతినిధి మూడు రోజులు అన్నీ తారుమారుగా అర్థం చేసుకుని, వద్దన్న చేపలు తిన్నాడట. మనం సరేననడానికి తల పక్కలకి ఆడిస్తాం కాబట్టి ఈయనకి ఏ ఇబ్బందీ రాలేదు. "ఢిల్లీ ఆయన కంటే నాకే బల్గేరియా బాగా వొచ్చినాది" అన్నాడు.

ఒకరోజు బజార్లో పెద్ద వరస కనపడితే వెళ్లి నిలబడ్డాడు. వరస ఉంటే ముందు నిలబడాలి, దేనికో తరవాత అడగాలని దుబాసీ అమ్మాయి చెప్పిందట. గంటన్నర నిలబడితే గిన్నె మూతలు ఇచ్చారు.

"గిన్నెలేవి?" అన్నాను.

"వొచ్చే నెల వొస్తాయట. ఈ నెల మూతలే వొచ్చినాయి. ఎనకున్నోళ్ళకి మూతలు కూడా అందనేదు. ఆళ్ళు నా కాసి ఎంత కుళ్ళుగా సూసినారని!"

నేను కలం పక్కన పెట్టాను. "మావా, ఇది రాస్తే బాగుండదేమో."

"ఏల? జరిగినాది గదా! ఇంకోటి కూడా జరిగినాది. మేం దిగిన మేడలో ఒక మిల్లు డైరెట్రు కూడా దిగినాడు. కంచం సేత్తో పట్టుకుని, తిండి వరసలో ఊడ్సే ఆవిడ ఎనకాల నిలబడ్డాడు బాబూ. నాను కళ్ళారా సూసినాను. ముందుకెల్లమని ఎవులూ అన్నేదు, ఆయనా ఎల్లనేదు. మూతల సంగతి రాయకపోతే ఇది ఎవులు నమ్ముతారు?"

ఆయన మాటలో తర్కం ఉంది. నేను మాత్రం డైరెక్టరు సంగతి ఉంచి, మూతలు తీసేశాను. మిరపకాయ తీసేశాను. తొంగోడం తీసేసి 'శ్రమజీవుల సృజనాత్మక విశ్రాంతి' అని రాశాను.

సభ మిల్లు గేటు ఎదుట మైదానంలో. వేదిక మీద కార్యదర్శిగారు, రెండు వర్గాల పెద్దలు ఎడంగా, మధ్యలో దండ వేసుకుని రష్యా మావ. నేను మైకు ముందు నిలబడి, 'నేను' అనే మాట పలికినప్పుడల్లా ఆయన వైపు చెయ్యి చూపిస్తూ చదివాను. "నేను ఆ దేశంలో అడుగుపెట్టగానే తూరుపు ఎర్రబడింది. కొరత అనే మాట ఆ ప్రజల నిఘంటువులో లేదు..."

రష్యా మావ తనకి వినపడకపోయినా మర్యాదగా తల ఆడిస్తున్నాడు. ముందు వరసలో చాప మీద అప్ప కూర్చుంది. కాసేపు విన్నది. కనుబొమలు ముడిపడ్డాయి. పెదాలు కదలడం మొదలుపెట్టాయి. నేను చదివే ప్రతి వాక్యాన్నీ చప్పుడు లేకుండా మొగుడికి అందిస్తోంది. ఆయన తల ఆడించడం ఆగింది. నేను రెండో పేజీ తిప్పుతుండగా లేచాడు.

"ఆగు పంతులుబాబూ! మూతల సంగతేదీ?"

మైకు అక్కర్లేని గొంతు. మైదానం చివర శనగలు అమ్ముకునేవాడు కూడా ఇటు తిరిగాడు.

"ఇదంతా నాను సెప్పనేదు. మా ఆవిడ సెప్తన్నాది, ఈయన నన్ను మా గొప్పోణ్ణి సేసేస్తన్నాడట. నాను తొంగుని వొచ్చినానర్రా!"

ఆ తరవాత ముప్పావుగంట ఆయనే మాట్లాడాడు. మూతలు చెప్పాడు, మిరపకాయ చెప్పాడు, చేతుల రంగు చెప్పాడు. జనం కడుపు పట్టుకుని నవ్వారు. కార్యదర్శిగారు "కామ్రేడ్, టైమ్ అయింది" అని మూడుసార్లన్నారు. వినపడలేదు. చొక్కా పట్టుకు లాగారు. చల్లగాలికి చొక్కా ఎగిరిందనుకుని సర్దుకున్నాడు. అప్పుడు నాకు కూడా చెప్పని సంగతి ఒకటి చెప్పాడు.

"అక్కడ డాట్రమ్మ నా సెవిలో దీపమెట్టి సూసినాది. ఎన్నేళ్ళు మగ్గం కాడ ఉన్నావన్నాది. సెప్పినాను. ఆయమ్మ మొకం ఎర్రగా అయిపోనాది. బల్ల మీద గుద్ది ఏటో అరిసినాది. నా మీద కోపమనుకున్నాను. కాదట. నా సెవి అలగైపోనందుకట. మా అమ్మ పోనాక నా గురించి కోపం తెచ్చుకున్న మనిసిని నాను సూడనేదు." మీసం రెండుసార్లు రాసుకున్నాడు. "దుబాసీ పిల్ల, నాకు వినపడదని, కాగితమ్మీద ఒక మగ్గం బొమ్మేసి, ఒక సెవి బొమ్మేసి, దాని మీద గీటు కొట్టి సూపించినాది. ఆళ్ళ మిల్లులోనూ ఇదే మోతట. ఆ పిల్ల నాయనకీ నాలాగే వినపడదట."

మైదానంలో చాలామంది చెవులు తడుముకున్నారు.

"అంచేత ఆళ్ళు గొప్పోళ్ళా, మనం గొప్పోళ్ళా నాకు తెల్దు. ఆళ్ళు ఏడాదికోసారి సముద్రం కాడ తొంగుంతన్నారు. మనకి సముద్రం పదిహేను మైళ్ళు. మా ఆవిడ ఇంతవొరకూ సూడనేదు. సూసినోళ్ళు సేతులెత్తండి."

నాలుగైదు వందలమందిలో ఇరవై చేతులు లేచాయి. ఆడవాళ్లవి రెండు.

"వొచ్చే ఆదోరం ఎల్దాం" అని కూర్చున్నాడు.

యూనియన్ కార్యవర్గం అత్యవసరంగా సమావేశమైంది. సముద్రపు ఒడ్డున పడుకోవడం పోరాటాన్ని పక్కదారి పట్టించడమేనని ఒక వర్గం అన్నది. ఔనని రెండో వర్గం అన్నది. వాళ్లిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు. వెళ్లకూడదని తీర్మానం చేశారు. రష్యా మావకి తీర్మానం వినపడలేదు.

ఆదివారం పొద్దున్న గోనె బేళ్లు మోసే లారీ ఎక్కి ముప్పైమంది వెళ్లారు. కార్యదర్శిగారు గమనించి రమ్మంటే నేనూ ఎక్కాను. భోగాపురం దాటి, సరుగుడు తోటల్లోంచి ఇసుక మీదికి దిగాం. రష్యా మావ కంచం మీద గరిటెతో గంట కొట్టి నియమాలు చెప్పాడు. ఆడవాళ్లు ఏ పనీ చెయ్యకూడదు. వంట మగవాళ్లది. అందరూ పడుకోవాలి.

ఆ వంట గురించి క్లుప్తంగా చెప్తాను. ఉప్మాలో ఇసుక పడింది, ఇసుకలో ఉప్మా పడింది. తరవాత రెండింటినీ విడదీయడం ఎవరివల్లా కాలేదు. ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు గానీ చేతులేం చేసుకోవాలో తెలియలేదు. ఒకావిడ కొంగు చాటున బియ్యంలో రాళ్లు ఏరుతూ దొరికిపోయింది. రష్యా మావ చేట లాగేసుకున్నాడు. "ఇక్కడ పని నేరం" అని అరిచాడు.

వలలు సర్దుకుంటున్న జాలరులు ముగ్గురు అనుమానంగా దగ్గరికొచ్చారు. పెద్దాయన మెల్లిగా అడిగాడు. "ఏటి బాబూ, ఎవులైనా మునిగిపోనారా?"

"నేదు" అన్నాడు రష్యా మావ.

"మరేల కూకున్నారు?"

"ఊరికే."

పెద్దాయన మిగతా ఇద్దర్నీ చూశాడు. ముగ్గురూ వలలు పక్కన పడేసి కూర్చున్నారు.

అప్ప మాత్రం లారీ దిగినప్పట్నుంచి నిలబడే ఉంది. చాలాసేపు అలా చూసి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నీళ్లలోకి నడిచింది. మోకాళ్ల దాకా వెళ్లాక ఒక అల వచ్చి నడుం దాకా తడిపింది. ఆవిడ తూలలేదు. వెనక్కి తిరిగి మొగుడి మీద కేకలేసింది. గొంతెత్తి, అందరూ వినేలా.

"ఇది ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నాదేటి? పదిహేను మైళ్ళల్లో ఉన్నాదేటి? నలబయ్యేళ్ళొచ్చినాయి నాకు, ఒక్కడూ సెప్పనేదేం?"

ఏడుస్తోందో ఉప్పునీళ్లో తెలియలేదు. అలల హోరులో ఆయనకి ఒక్క ముక్కా వినపడలేదు. కానీ పెదాలు చూశాడు. లేచి వెళ్లి, ధోవతీతో సహా ఆవిడ పక్కన నిలబడ్డాడు. ఆ తరవాత ఆ రోజు ఆయన అరవగా నేను వినలేదు.

మర్నాడే ఆయనకి షోకాజ్ నోటీసు ఇవ్వాలని కార్యవర్గం నిర్ణయించింది. రాసే పని మళ్లీ నాకే. సిగ్గులేకుండా చెప్తున్నాను, బాగా రాశాను. ఆయనకి చదువు రాదు కాబట్టి నేనే వెళ్లి చదివి వినిపించాలి. వినపడదు కాబట్టి అరిచి చదవాలి. వీధి నడుమ నిలబడి, నరాలు తేలేలా అరిచాను. "శ్రమజీవుల పోరాట చైతన్యాన్ని ఇసుకలో పాతిపెట్టి..."

వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. రెండో పేరాకి పిల్లలు నా వెనక చేరి అదే పాటగా అందుకున్నారు. మూడో పేరాకి నాకే నవ్వొచ్చింది. చదవడం ఆపి అరుగు మీద కూలబడ్డాను.

రష్యా మావ ముఖం మీద కోపమేమీ లేదు. "రాత బాగున్నాది. ఎవులు రాసినారు?"

"నేనే మావా."

"అనుకున్నాను. మరైతే జవాబు కూడా నువ్వే రాయి బాబూ. నాకెవులున్నారు?"

కాగితం తీశాను. ఆయన చెప్పింది ఒక్క ముక్క కూడా మార్చకుండా, కొట్టివేతలు లేకుండా నేను రాసిన మొదటి రాత అది. 'వొచ్చే ఆదోరం మళ్ళీ ఎల్తన్నాం. మీరు కూడా రండి. చాపలు తెచ్చుకోండి.' కింద ఆయన వేలిముద్ర.

ఆ ఆదివారం రెండు లారీలు బయలుదేరాయి. రెండోదాంట్లో కార్యవర్గ సభ్యుల భార్యలు ముగ్గురున్నారు. వాళ్ల మొగుళ్లకి ఆ సంగతి తెలిసేసరికి లారీ భోగాపురం దాటేసింది.

పదకొండు గంటల వేళ కార్యదర్శిగారు కారులో వచ్చారు. అద్దంలాంటి బూట్లు ఇసుకలో దిగబడుతుంటే, కూర్చున్న ఆడవాళ్ల ఎదురుగా వచ్చి, సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డారు. క్రమశిక్షణ గురించి మాట్లాడాలని వచ్చారు. చెయ్యెత్తారు. "సోదరీమణులారా! చారిత్రకమైన ఈ దశలో..."

అప్ప చాప మీంచి తల ఎత్తింది. ఆవిడ ఆయనతో మాట్లాడడం అదే మొదటిసారి.

"బాబూ, కూకోండి. సముద్రం అవుపడ్డం నేదు."

ఆయన ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. వెనక్కి తిరిగి చూశారు, ఎవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు, నీళ్లే. కార్యవర్గం వాళ్ల భార్యల్లో ఒకావిడ జరిగి, తన చాప మీద కాస్త చోటు చూపించింది. ఆయన బూట్లు విప్పి కూర్చున్నారు.

రష్యా మావ ఇదంతా చూడలేదు. అప్పటికే ముఖాన తువ్వాలు కప్పుకుని, ఎండలో వెల్లకిలా పడి, గాఢంగా నిద్రపోతున్నాడు.